తినేవాటిని వెతుక్కుంటూ: దిండి నుంచి కృష్ణ దాకా ఆరు రోజులు

మొదటి రోజు: ఆముదం చేను

ఎంగిలిపూల బతుకమ్మ నాటికి మా మామ ఊరు చేరాలని పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరాను. శ్రీశైలం రోడ్డు. కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి దాటాక రెండు పక్కలా పత్తే పత్తి. నా చిన్నప్పుడు ఇదే దారిలో ఎటు చూసినా ఆముదం చేలు కనిపించేవి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎర్రనేలల్లో వాన మీద బతికే రైతుకు అదే ఆధారం. ఇప్పుడు వెతుక్కోవాలి. మా మామ మాత్రం వదల్లేదు. దిండి ప్రాజెక్టుకు దగ్గర్లోనే ఆయనకు రెండెకరాల ఆముదం, బోరు కింద ఎకరం పల్లి.

నేను వెళ్ళేసరికి మామ చేలోనే ఉన్నాడు. గట్టు మీద అద్దెకు తెచ్చిన, మందు కొట్టే తైవాన్ పంపు, పక్కన రెండు మందు డబ్బాలు, నీళ్ళ డ్రమ్ము.

“మంచిగొచ్చినవ్ అల్లుడా. నీళ్ళందియ్యి, కొట్టేద్దాం. దాసరి పురుగు ఆకు మిగులుస్తలేదు,” అన్నాడు.

నిజమే, కొన్ని ఆకులకు ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. ఒక ఆకు తిప్పి చూశాను. వేలెడంత పురుగు, నడుం పైకెత్తి జానలు కొలుస్తున్నట్టు పాకుతోంది. పక్క మొక్క మీద ఇంకొకటి ఉంది. అది పాకడం లేదు. పుల్లతో తాకితే తల మాత్రం అటూ ఇటూ ఊపింది. వంగి చూస్తే దాని వెనక కాళ్ళ దగ్గర, పొట్ట కింద, బియ్యపు గింజంత తెల్లటి గూడు అంటుకొని ఉంది.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఈ గూటి గురించి చదివాను, చెప్పాను, పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను. చేలో కళ్ళారా చూడటం మాత్రం ఇదే. చిన్న కందిరీగ జాతిది అది. పేరు మైక్రోప్లైటిస్. లేత పురుగు ఒంట్లోకి గుడ్డు దింపుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు లోపలే ఉండి దాన్ని తింటూ పెరుగుతుంది. పెరిగాక బయటికొచ్చి, పురుగు పొట్ట కిందే గూడు అల్లుకుంటుంది. పురుగు ఇంకా చావదు, కానీ ఆకు జోలికి పోదు.

“మామా, పంపు ఆపు. ముందు లెక్క చూద్దాం,” అన్నాను. ఇద్దరం పది మొక్కలు చూశాం. దాదాపు ప్రతి మొక్క మీదా ఒకటో రెండో గూళ్ళు. మొక్కకు ఒకటి రెండు ఇలాంటి పురుగులు కనిపిస్తే రసాయన మందు కొట్టొద్దని వ్యవసాయ శాస్త్రవేత్తలే చెబుతారు. కొడితే పురుగుతో పాటు గూట్లోదీ పోతుంది.

మామ పురుగును అరచేతిలో వేసుకొని చాలాసేపు చూశాడు. “నలభై ఏండ్ల సంది చూస్తున్న ఈ తెల్లదాన్ని. పురుగు పెట్టిన గుడ్డనుకున్న. దాని పిల్లలేనని ముందు దీన్నే నలిపేటోణ్ణి,” అన్నాడు. ఆ మాటకు నాకు గొంతు పట్టేసింది. ఈ ముక్క ఆయన చేలోకి వచ్చి చెప్పినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరూ లేరు. నేను కూడా చెప్పలేదు.

ఐదు రోజులు ఆగుతానని ఒప్పుకున్నాడు. పంపు మూత పెడుతూ, పల్లి చేను వైపు చెయ్యి చూపించాడు. అక్కడ రెండు మళ్ళు దున్నినట్టు తిరగబడి ఉన్నాయి.

“పురుగుకంటే ఈగ ఉన్నది. మరి పందులకు? గా పందులకు లేదా అసుంటి ఈగ?”

రాత్రి అన్నాలు తిన్నాక, వాకిట్లో బతుకమ్మ పాటలు వినిపిస్తుంటే, ఆయనకు ఇటలీ కథ చెప్పాను. అదీ మామా అల్లుళ్ళ కథే. ఉంబెర్తో దాంకోనా అనే ఆయన ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డు మార్కెట్లలో చేపల లెక్కలు చూశాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో జాలర్లు సముద్రంలోకి పోవడం తగ్గింది. వేట తగ్గితే మనం తినే చేపలు పెరగాలి కదా? పెరిగింది సొరచేపల్లాంటి వేటాడే చేపల వాటా. ఫియూమె రేవులో 1914లో నూటికి 11.9గా ఉన్నది 1918 నాటికి 36.4కు ఎక్కింది. యుద్ధం ముగిసి వలలు మళ్ళీ పడ్డాక, 1923కు 10.7కు దిగింది. ఎందుకిలా అని ఆయన లెక్కల పండితుడైన వీతో వోల్తెర్రాను అడిగాడు. దాంకోనాకు పిల్లనిచ్చిన మామ ఆయన. 1926లో వోల్తెర్రా తేల్చింది ఇది: తినేదాన్నీ తినబడేదాన్నీ ఒకే వలతో ఎత్తేస్తుంటే, నష్టం తినేదానికి, లాభం తినబడేదానికి. అమెరికాలో లోట్కా కూడా అంతకు ఏడాది ముందు ఇలాంటి సమీకరణాలే విడిగా రాశాడు.

“అంటే మందు కూడ వల లెక్కనే,” అన్నాడు మామ.

నేను క్లాసులో బోర్డు నిండా సమీకరణాలు రాసినా ఇంత తొందరగా ఎవరూ పట్టుకోలేదు. మందు రెండింటినీ చంపుతుంది. ముందు తేరుకునేది పురుగే, ఎందుకంటే దాని తిండి చేను నిండా ఉంది. ఈగ తేరుకోవాలంటే ముందు పురుగు పెరగాలి. ఆ సందులో చేను పోతుంది. 1997–98లో వరంగల్ పత్తి చేలల్లో మందు మీద మందు కొట్టినా లద్దె పురుగు చావలేదు. అప్పులతో రైతులు చనిపోయారు. ఆ ఏడాది మామ వయసు రైతులెవరూ మర్చిపోరు.

రెండో రోజు: ఫరహాబాద్ అడవి

హాజీపూర్ దాటి, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగాను. ఇక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బళ్ళు ఆపేస్తారు, జంతువులు రోడ్డు దాటాలని. వానాకాలం మూడు నెలలు మూసిన సఫారీ ఈ నెలలోనే తెరిచారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణకు అవతల ఆంధ్ర వైపు నల్లమలతో కలిపి ఒకప్పుడు ఒకటే టైగర్ రిజర్వు, 2014 తర్వాత రెండయింది. పులికి ఆ గీత తెలియదు.

జీపులో చెంచు కుర్రాడు గైడు. మొదటి అరగంట నెమళ్ళు తప్ప ఏమీ లేవు. తర్వాత ఒక వాగు పక్కన కొండముచ్చుల గుంపు చెట్టు మీద, సరిగ్గా ఆ చెట్టు కింద పది పన్నెండు చుక్కల దుప్పులు. కొండముచ్చులు సగం తిని పారేసిన చిగుళ్ళు, కాయలు దుప్పులు ఏరుకుంటున్నాయి. పైనున్నవాటికి చూపు దూరం, కిందున్నవాటికి వాసన దూరం. గైడు జీపు ఆపించి “వినండి సార్” అన్నాడు. పైనుంచి పెద్ద కొండముచ్చు ‘ఖక్’ మని దగ్గింది. దుప్పులన్నీ ఒక్కసారి తలలెత్తాయి. ఒకటి ముందుకాలు నేలకేసి కొట్టింది. తోకలు పైకి లేచి తెల్లగా మెరిశాయి. నేను ఊపిరి బిగబట్టాను. ఏదీ రాలేదు. ఐదు నిమిషాల తర్వాత మేత మళ్ళీ మొదలైంది, కానీ ఈసారి వాగు వైపు కాదు, ఎదురుగా ఉన్న గడ్డి బీటిలోకి.

పులి దుప్పిని తింటుందని అందరికీ తెలుసు. తినకుండా కూడా పని చేస్తుందని అక్కడ అర్థమవుతుంది. పులి ఉందన్న అనుమానం చాలు, దుప్పి ఒకేచోట నిలబడి మేయదు. నిలబడకపోతే అక్కడి మొలకలు బతికి చెట్లవుతాయి. కణితి అనే పెద్ద దుప్పి చీకటి పొదల దగ్గరికి వెళ్ళేటప్పుడు పది సార్లు ఆగుతుంది. పులి తిరిగే చోట చిరుత పక్కకు తప్పుకుంటుంది. ఒక పులికి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులు కావాలంటారు. అంటే చుట్టూ ఓ 500 ఉంటేనే అది నిలుస్తుంది, మంద కూడా తరగకుండా ఉంటుంది. దుప్పులు లేని అడవిలో పులిని కాపాడతామంటే కుదరని పని.

ఎండాకాలంలో జంతువుల కోసం ట్యాంకరుతో నింపే నీటి గుంట, సాసర్ పిట్టు ఒకటి వాన నీటితో నిండి ఉంది. ఒడ్డున బురదలో పులి అడుగు. నా అరచెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాను. చెయ్యి చిన్నదయింది. గోళ్ళ గుర్తులు లేవు, నాలుగు వేళ్ళు, వెనక పెద్ద మెత్త. నిన్న రాత్రిది కావచ్చన్నాడు గైడు.

కాసేపటికి అదే నీటికి అడవిపందులు వచ్చాయి. పెద్ద ఆడపంది ముందు, వెనక ఐదు పిల్లలు. అది నీళ్ళకు పది గజాల దూరంలోనే ఆగి ముట్టె పైకెత్తి గాలి పీల్చింది. దగ్గరికొచ్చింది. మళ్ళీ ఆగింది. పిల్లలు మూతి తడుపుకున్నాయో లేదో గుర్రుమని వెనక్కి తిప్పి తీసుకెళ్ళిపోయింది. మొత్తం రెండు నిమిషాలు కూడా కాలేదు. మామ పల్లి చేలో ఇవే పందులు గంటల తరబడి మళ్ళు తిరగేస్తాయి. టార్చి వేస్తే అటు పక్క మడికి పోతాయంతే. జంతువు అదే, ఒక్క ఈతలో నాలుగైదు పిల్లల్ని పెట్టే కడుపూ అదే. ఇక్కడ దాని పిల్లల్ని లెక్కపెట్టేవాళ్ళున్నారు, అక్కడ లేరు. మామ ప్రశ్నకు సగం జవాబు ఆ నీటి ఒడ్డున దొరికింది.

మూడో రోజు: పెంట

చెంచుల గూడేన్ని పెంట అంటారు. రోడ్డుకు దగ్గర్లోనే ఉన్న ఒక పెంటలో గైడు తాత దగ్గర పూటంతా కూర్చున్నాను. తేనె పట్టు కోసేటప్పుడు కొండ అంచున తాడు పట్టుకునేది బావమరిదేనట. అక్క పసుపుకుంకుమలు వాడి చేతిలో ఉంటాయి కాబట్టి వదలడు. పట్టు మొత్తం కోయరు, ఈగలకు కొంత ఉంచుతారు. “తీస్కున్నోడే మిగల్చాలె బిడ్డా, ఇంకెవరు మిగులుస్తరు?” అన్నాడు.

ఎలుగు గురించి ఆయన మాట్లాడుతుంటే పుస్తకం మూసి కూర్చోవాలనిపించింది. ఎలుగుబంటి తునికి పండ్లు, రేల కాయలు, రేగు పండ్లు తిని అడవంతా తిరుగుతుంది. దాని పేడలో గింజలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఇంటి వెనక ఒక చోటికి తీసుకెళ్ళి, గుంపుగా లేచిన తునికి మొక్కల్ని చూపించాడు. “ఇది దాని తోట. మనం ఆకు కోస్కుంటం, అది పండు తింటది, మళ్ళ అదే నాటుతది.”

రాబందుల మాట నేనే ఎత్తాను. ఆయన ఆకాశం వైపు చూసి, ఎద్దు చస్తే మధ్యాహ్నానికి బొక్కలు మిగిలేవన్నాడు. ఇప్పుడు వారం రోజులు కంపు. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడు చేసింది. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందుల్లో వెయ్యికి ఒకటి మిగిలింది. పశువులకు ఆ మందు 2006లో నిషేధించారు. అప్పటికే వాటి కూడు కుక్కలకు పోయింది, కుక్కలు పెరిగాయి. శ్రీశైలం రోడ్డు మీద బిస్కెట్లు, అరటిపండ్లు విసిరే యాత్రికులు కోతుల్ని కూడా అలాగే పెంచుతున్నారు. పుణ్యమనుకుని చేసేదే, కానీ ఆ కోతులే రేపు ఊళ్ళ మీద పడతాయి. దయచేసి విసరకండి.

తోడేళ్ళ గురించి అడిగితే తాత నవ్వాడు. “అది మా కొండది కాదు. మైదానంది. గొల్లోళ్ళనడుగు.”

నాలుగో రోజు: పిల్లలమర్రి

ఎక్కువ ప్రయాణమే. అచ్చంపేట, నాగర్‌కర్నూల్, పాలెం. పాలెం పరిశోధన కేంద్రం దగ్గర ఒక్క నిమిషం ఆగాను. మామ వేసే ఆముదం రకం ఇక్కడే పుట్టింది. సాయంత్రానికి మహబూబ్‌నగర్.

పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్ళంటారు. తల్లి కాండం ఏదో ఊడ ఏదో తెలియదు. 2017 చివర్లో పెద్ద కొమ్మ ఒకటి కూలాక చెదలు లోపల ఎంత తినేశాయో బయటపడింది. ఆ మరుసటి ఏడు ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి, పలచగా కలిపిన పురుగుమందు చుక్కచుక్కగా ఎక్కించారు. ఆ పని సరైనదే. అడవిలో చెద ఎండు కట్టెను మట్టిలో కలిపే కూలీ, ఎలుగుబంటికి కూడు. ఎలుగు లేని ఊరి పక్కన చెదను ఆపే పని మనిషి మీదే పడింది.

కింద రాలిన ఎర్రటి మర్రిపండును చీల్చి చూశాను. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయన్నది వేమన కాలం నాటి మాట. దాని చుట్టమైన మర్రిపండులోనూ అంతే. అవి కుళ్ళిన పురుగులు కావు, ఆ చెట్టుకు పెళ్ళి చేసే పురోహితులు. పండు అనుకునేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. చీమకన్నా చిన్న ఆడ కందిరీగ కొసనున్న సన్నని కంతలోంచి దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి. కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, కొన్నింటికి పుప్పొడి అంటించి లోపలే చస్తుంది. ముందు పుట్టిన రెక్కల్లేని మగవి ఆడవాటితో కలిసి, బయటికి దారి తొలిచి చస్తాయి. ఆడవి పుప్పొడితో ఇంకో మర్రిని వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. మర్రికి ఆ ఈగ తప్ప దిక్కు లేదు, ఈగకు మర్రి తప్ప ఇల్లు లేదు. ఏడు వందల ఏళ్ళ మాను, ఒకటి రెండు రోజుల ప్రాణం.

ఐదో రోజు: కృష్ణ మండలం

మక్తల్ దాటాక నేల నలుపైంది. కృష్ణా, భీమా కలిసే ఈ మూల కంది, పత్తి చేల మధ్య కృష్ణజింకలు మందలు మందలుగా ఉంటాయి. ముడుమాల నిలువురాళ్ళు చూడటానికి వచ్చినవాళ్ళు వీటిని చూసి ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటారు. రైతులు ముచ్చటపడరు. “మొలక మీద పడితే మళ్ళ విత్తాలె. రెండుసార్లు విత్తిన. కొట్టొద్దు, తోలొద్దు అంటే మేమేం తినాలె?” అని ఒక రైతు నా ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నష్టపరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, కాగితం ఎక్కడుందో కూడా తెలియక ఊరుకున్నాడు.

మధ్యాహ్నం బీడులో ఓ నలభై జింకలు. ముందున్నది ఉలిక్కిపడగానే మందంతా గాల్లోకి లేచింది. ఒకదాని వెనక ఒకటి, నీటి మీద రాయి విసిరితే ఎగిరెగిరి పోయినట్టు. మన పల్లెల్లో అంత పరుగు అవసరమయ్యే జంతువు ఏదీ లేదు. ఆ పరుగు చీతా నేర్పింది. చీతా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి కొన్నింటిని మధ్యప్రదేశ్‌లోని కునోకు తెచ్చారు. ఇక్కడి జింక ఒంట్లో మాత్రం అది ఇంకా తరుముతూనే ఉంది.

చీతా పోయాక తోడేలు మిగలాలి. గొర్రెల మందతో ఉన్న ఒక కురుమ పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి చెప్పాడు. వాళ్ళ నాయన రోజుల్లో ప్రతి ఏడాది తోడేలు రెండు మూడు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయేది. బొరియకు పొగ పెట్టేవాళ్ళు, పిల్లల్ని చంపేవాళ్ళు. “రెండేండ్లాయె జాడ లేక,” అన్నాడు. కాసేపాగి, “ఉన్నప్పుడు జింక ఇంత చేన్ల పడకపోతుండె,” అని తనే అన్నాడు.

నేను ఆయన్ని తప్పు పట్టలేను. తోడేలు ఇన్నాళ్ళు జింకల్ని అదుపులో పెట్టి రైతులందరికీ పని చేసింది, దాని కూలి మాత్రం ఈ ఒక్క గొర్రెలాయనే కట్టాడు. చచ్చిన గొర్రెపిల్ల సొమ్ము వారంలో చేతికొస్తే ఆయన బొరియకు పొగ పెట్టడు. ఇది నాకు గట్టి నమ్మకం. జింకల్ని పట్టి ఎక్కడికో తరలించడం, పందుల్ని షూటర్లతో కాల్పించడం తప్పనిసరైతే చెయ్యాల్సిందే, కాని అవి ఏటా చెయ్యాలి. తోడేలు జీతం లేకుండా ప్రతి రాత్రీ చేస్తుంది. పైగా పంది కోసం కరెంటు తీగలు పెట్టి మనుషుల్ని, చిరుతల్ని చంపుకుంటున్నాం. పందిని తినేదే ఆ తీగకు పోతే, మర్నాడు పందులు ఎవరికి భయపడాలి?

ఆరో రోజు: మళ్ళీ ఆముదం చేను

మధ్యాహ్నానికి దిండి దగ్గరికొచ్చేశాను. చేను పక్క కరెంటు తీగ మీద పాలపిట్ట ఉంది. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదంటారు. కొందరు బోనులో పెట్టి డబ్బులకు చూపిస్తారు. తీగ మీంచి రెక్కల నీలం విప్పుకుని చేలోకి దిగి, పురుగును నోట కరుచుకుని లేచింది. మామ చేలో మధ్య మధ్య ఎండుకొమ్మలు పాతి ఉన్నాయి. నేను చెప్పలేదు, ఆయనే పాతాడు. “కూసునే జాగా ఉండాలె గద,” అన్నాడు.

ఐదు రోజుల కింద గుర్తుగా దారం కట్టిన మొక్కల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆకులు ఇంకొన్ని పోయాయి, కొత్త చిగురు మాత్రం నిలిచింది. పురుగులు ఎండి నల్లగా వేలాడుతున్నాయి. వాటి కింద తెల్లటి గూళ్ళకు ఒక కొస మూత తీసినట్టు గుండ్రంగా తెరుచుకుంది. లోపల ఖాళీ. మామ ఒక గూటిని గోటి మీద పెట్టుకుని ఎండకు అడ్డంగా పట్టి చూశాడు. “ఎల్లిపోయినయ్,” అన్నాడు, ఇంటి ఆడపిల్ల అత్తారింటికి పోయినట్టు. తైవాన్ పంపు అద్దె సొమ్ముకు నష్టమే. పంపు తడవకుండానే తిరిగిపోయింది.

పల్లి చేలో ఈ ఐదు రోజుల్లో ఇంకో మూడు మళ్ళు పోయాయి.

రాత్రి ఇద్దరం మంచె ఎక్కాం. నెలవంక తొందరగానే దిండి వైపు దిగిపోయింది. చెంచు తాత మాటలు, నీటి ఒడ్డున చూసిన ఆడపంది, కురుమాయన గొర్రెపిల్లలు, అన్నీ చెప్పాను. మామ బీడీ ఆర్పి విన్నాడు.

“అంటే పందికి ఈగ ఉండె. మనమే కొట్టుకున్నం,” అన్నాడు.

పన్నెండు దాటాక గట్టు అవతల పల్లి తీగలు తెగుతున్న చప్పుడు, పటపటా. మామ లేచి, గుంజకు కట్టిన నూనె డబ్బా నా చేతికిచ్చి కర్ర అందించాడు. వాయించడం మొదలుపెట్టాను. చప్పుడు ఒక్క క్షణం ఆగింది. తర్వాత పక్క మడిలో మళ్ళీ మొదలైంది.